శుభం పడని సినిమా

కార్తీక శుద్ధ పంచమి, ఆదివారం సాయంత్రం, ఇబ్రహీంపట్నంలో మా ఇల్లు. ఉన్నవారు: నేను, మన్నెగూడ నుంచి వచ్చిన మా రెండో కూతురు, అల్లుడు, మనుమరాలు. మధ్యలో నిద్రపోయినవారు: అల్లుడు.

మనుమరాలు టీవీలో పెట్టిన సినిమా చివరికొచ్చేసరికి అయోమయంగా ముగిసింది. కథలో కొడుకు నిజంగా ఇంటికి వచ్చాడా, లేక అదంతా అతని తల్లి ఊహేనా అని మా అమ్మాయీ మనుమరాలూ వాదులాడుకున్నారు. చివరికి మనుమరాలు బొమ్మను వెనక్కి తిప్పి, గోడ గడియారాన్ని వేలితో చూపిస్తూ, "గిది చూడు తాతా, ముల్లు కదుల్తలేదు. అంటే అంత కలనే" అని తేల్చేసింది. అంతే, నిమిషంలో పని అయిపోయింది. వాళ్లు అన్నాలకు లేచారు గానీ నేను కుర్చీలోనే ఉండిపోయాను. బీరువా అడుగు అరలో ఉన్న ఒక పాత డైరీ గుర్తుకొచ్చింది.

పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఏడాది మాట. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు, బడిలో పంతులుగా కొత్తగా చేరాను. మన ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, నిజాం రాజ్యంలో చదువంతా ఉర్దూలో సాగింది కనుక నా డైరీ కూడా ఆ రోజుల్లో ఉర్దూలోనే సాగేది. మా అన్న అంతకు రెండేళ్ల ముందే, రజాకార్ల రోజుల్లో, ఇల్లు విడిచి సాయుధ పోరాట దళంలో కలిశాడు. మిలిటరీ వచ్చాక కొందరు ఇళ్లకు చేరారు, కొందరు జైళ్లలో ఉన్నట్టు కబుర్లొచ్చాయి, మా అన్న గురించి మాత్రం మంచో చెడో ఒక్క మాట కూడా రాలేదు. వదిన ఏడ్చేది కాదు గానీ ప్రతిదాంట్లో సూచన వెతకడం అలవాటు చేసుకుంది. పొయ్యిలో మంట బుసకొట్టినా, గడపలో చెప్పు తిరగబడినా ఆమె చేతిలో పని ఆగిపోయేది.

అటువంటప్పుడు మహేశ్వరంలో ఆటలు ముగించుకుని డేరా సినిమా మా ఊరొచ్చింది. ఉన్నది ఒక్కటే మిషను, కనుక రీలు రీలుకూ ఆపి, దీపం వెలిగించి, ఇంకోటి ఎక్కించేవారు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ నడుమ ఒక గుడ్డ కట్టేవారు. కథ దూరదేశం పోయిన మొగుడి కోసం ఎదురుచూసే ఇల్లాలిది. చివరి రీలుకు ముందు రీల్లో అతను ఇంటికొచ్చి ఉయ్యాలబల్ల మీద కూర్చున్నాడు. దీపం వెలగగానే వదిన గుడ్డ పక్కకు జరిపి, "చూసినవా తమ్మీ, వచ్చిండు! ఆమె మొగుడు వచ్చిండంటె మీ అన్న గూడ వస్తడు. నేను గట్లనే మనసుల అనుకొని వచ్చిన" అంది. రెండేళ్లలో ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

చివరి రీల్లో ఇల్లాలు ఒంటరిగా నిలబడి ఉంది. ఖాళీ ఉయ్యాల తనంతట తాను ఊగుతోంది. ఆమె గుమ్మం వైపు చూసింది, తెర తెల్లబడింది. శుభం కూడా పడలేదు. డేరా అంతా గోల.

"అరే, మొగుడేడి? ఉన్నడా, పోయిండా? జర చెప్పుండ్రి!"

"ఇంటికి పోయి నీ పెండ్లాన్ని అడుగు, ఆమెకు ఎరుకుంటది!"

అందరూ నవ్వారు. వదిన మాత్రం గబగబా ఇంటిదారి పట్టింది. వచ్చాక కంచం ముందు కూర్చుని, "ఉయ్యాల ఖాళీగ ఊగింది తమ్మీ. ఇగ రాడు" అని కంచం పక్కకు నెట్టేసింది.

నేను అలవాటు ప్రకారం డైరీ తీసి, చూసినదంతా రీలువారీగా రాసుకుంటూ పోయాను. అప్పుడు తెర మీది ఇంటి కిటికీ పక్కనున్న చిక్కుడు తీగ దగ్గర కలం ఆగింది. మొగుడు వచ్చిన రీల్లో తీగ నిండా కాయలున్నాయి, ఖాళీ ఉయ్యాల రీల్లో పూత మాత్రమే ఉంది. పూత ముందా, కాయ ముందా? రీళ్లు తారుమారయ్యాయి, అతను రావడమే అసలు ముగింపు! ఈ మాట చెబితే వదిన, "పొద్దున పోయి ఆ మిషనాయన్ని అడుగు. ఆయన చెప్పింది బుక్కుల రాస్కొచ్చి సదువు. అప్పుడు తింట" అంది.

తెల్లవారగానే డేరాకు వెళ్లాను. మిషనాయన గుడ్డతో రీళ్లు తుడుస్తూ నా తీగ కథంతా విని నవ్వాడు.

"పంతులూ, రీళ్లు మారితె శుభం నడుమల పడాలె గద. పడ్డదా? పోయిన ఊర్ల ఈ ఖాళీ ఉయ్యాల రీలు కొస తెగితె శుభం ముక్క కత్తిరించిన, అందుకే పడలే. వాళ్లు బొమ్మ తీసిననాడు తీగ ఎట్లుంటె గట్ల. ఆయన రాలే. ఆమె అనుకున్నదంతె."

చూసినవన్నీ రాసుకున్నవాణ్ణి, చూడనిది లెక్కలోకి తీసుకోలేదు. దారిలో ఒక అరుగు మీద కూర్చుని ఉన్నది ఉన్నట్టు రాసి ఇంటికొచ్చాను. వదిన గడపలోనే ఉంది. డైరీ తెరిచి, "రీళ్లు తారుమారైనయి, ఒప్పుకున్నడు వదినా" అని చదివాను. చదువు రాని ఆమె, "ఏడ రాసినవ్, చూపియ్" అంది. చూపించాను. ఆమె "అతను రాలేదు" అన్న వరుస మీద వేలు పెట్టి తడిమి, లోపలికి పోయి అన్నం పెట్టుకుంది.

అన్న మరో ఏడాదిన్నరకు జైలు నుంచి బక్కచిక్కి వచ్చాడు. ఆ వరుసలో ఏముందో నేను వదినకు ఆమె పోయేదాకా చెప్పలేదు.

సోమవారం పొద్దున నేను బీరువాలోంచి తీసిన డైరీని మనుమరాలు తిరగేసి, ఆ లిపి తెలియక నా ముందు పెట్టింది. ఇప్పుడు మా ఇంట్లో అది చదవగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆమె వెంటనే ఫోన్ తీసి ఆ సినిమా కోసం చాలాసేపు వెతికింది. ఎక్కడా లేదట. "మరి మిషనాయన చెప్పింది నిజమో కాదో ఎట్ల తెల్వాలె తాతా?" అని విసుక్కుంది. ఈ కాలం పిల్లలకు ఏదైనా తెలియకుండా మిగిలిపోవడం కొత్త. ఆ పేజీ మీద, వదిన వేలు ఆనిన చోట, సిరా కొంచెం అలుక్కుపోయి ఉంది. అది మాత్రం మనుమరాలికి చూపించాను.