గోడదెంత, నాదెంత

ఆసుపత్రిలో అందరూ ఆమెని ‘ఊపిరక్క’ అంటారు. పదకొండేళ్లుగా ఎక్స్‌రే గదిలో "ఊపిరి బిగపట్టండి... ఆఁ, వదలండి" అనడమే ఆమె పని. ఆ పేరుకి అందరికంటే ముందు నవ్వేది ఆమే. ఈమధ్య నవ్వడం లేదు.

అమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. కిందటేడు అక్కకీ వచ్చింది. అక్క పోరు పడలేక జన్యుపరీక్ష చేయించుకుంటే, అమ్మ నుంచి అక్కకి దిగిన లోపమే తనకీ దిగిందని తేలింది. అలాంటి ఒంటికి రేడియేషన్ మామూలు వాళ్లకంటే ఎక్కువ చేటు చెయ్యొచ్చంది డాక్టరమ్మ. "నీ బ్యాడ్జి లెక్కలెప్పుడూ తక్కువేగా, కంగారుపడకు" అనీ అంది.

సోమవారం బ్యాడ్జి రిపోర్టు వచ్చింది. డ్యూటీలో తగిలించుకునే బ్యాడ్జిని కొలిచి, మూడు నెలల్లో ఒంటి మీద ఎంత రేడియేషన్ పడిందో చెప్పే కాగితం అది. ఆమె పేరు పక్కన అంకె ఎప్పుడూ ఉండేదానికి ఇరవై రెట్లుంది. తనకేమైనా అయితే ఇంట్లో చంటిది ఏమవుతుంది? దానికి పాలు మాన్పించి నాలుగు నెలలు కూడా కాలేదు.

పెద్ద టెక్నీషియన్ కాగితాన్ని కళ్లకి దూరంగా పట్టుకుని చూశాడు.

"బ్యాడ్జి ఎక్కడ పెట్టుకుంటున్నావమ్మా?"

"సీసం ఏప్రన్‌కే, బాబాయ్. పైన."

"లోపల చొక్కాకి కదా పెట్టుకోవాలి! ఏప్రన్ ఆపగా ఒంటికి చేరేదే నీ లెక్క. సరే, ఏప్రన్ విప్పి ఎక్కడ తగిలిస్తావ్?"

ఆమె వెనక్కి తిరిగి గదిలోకి చూసింది. ఎక్స్‌రే గదిలోనే, కొత్తగా బిగించిన కొక్కేనికి. తను సీసం అద్దం వెనక నిలబడి మీట నొక్కిన ప్రతిసారీ బ్యాడ్జి లోపలే ఉంది.

"ఓసి పిచ్చిదానా! అది గోడ లెక్క. గోడకి క్యాన్సర్ రాదులే!"

"మరి పసిపిల్లలు కదలకుండా నేనే పట్టుకున్న రోజుల మాటేంటి? అవీ ఇందులోనేగా. గోడదెంత, నాదెంత?"

ఆయన మొహంలో నవ్వు పోయింది. "పాలల్లో నీళ్లు కలిశాక విడదీయలేమమ్మా."

డాక్టరమ్మా అంతే అంది. రొమ్ము పరీక్షకి రేడియేషన్ లేని ఎమ్మారై స్కాన్ రాసింది. పిల్లల్ని ఇక వాళ్ల అమ్మానాన్నలే పట్టుకోవాలంది. పడుతున్నది ఎంతో తెలియాలంటే కొత్త బ్యాడ్జితో మరో మూడు నెలలు ఆగాలి.

ఆ సాయంత్రం ఇంట్లో భర్త ఆమె చొక్కాకున్న బ్యాడ్జి చూశాడు.

"దీన్ని ఇంటికి తేకూడదు కదా?" అంటూ తియ్యబోయాడు.

ఆమె దాన్ని గుప్పిట్లో బిగించింది.

"తియ్యకు. ఈసారి లెక్క నాదే కావాలి. ఎంతైనా సరే."