గెడ్డ దాటినవాళ్ళ గురించి

స్టాఫ్‌రూములో ఎవరో పనసపండు కోసినట్టున్నారు. వరండా మొదట్లోనే ఆ తీపివాసన ముక్కుకు తగిలి, బయట వాన కూడా పడుతుండడంతో, ఇంత వయసొచ్చాక కూడా నా అడుగు ఆగింది. అందరికీ నోరూరించే వాసన నాకు మాత్రం భయం పుట్టిస్తుంది, ఏం చెయ్యను.

అరకు అవతల కొండమీద, మా ఊళ్ళో, వానలు మొదలయ్యేసరికి పనసపళ్ళు ముగ్గేవి. ఇంటినిండా ఆ వాసన, చూరు కింద తడి కట్టెల పొగ, నిప్పుల్లో చిటపటమనే పనసపిక్కలు, కుండలో చోడి అంబలి. కాల్చకుండా దాచుకున్న పిక్కలతో మేం పిల్లలం అరుగుమీద పిక్కలాట ఆడుతుంటే, మా అయ్య పళ్ళను కావిడికెత్తుకుని గెడ్డ దాటి సంతకు పోయేవాడు. గెడ్డంటే మా కొండవాగు. ఎండాకాలం మోకాలు కూడా తడవదు గానీ, పైన వాన పడిందంటే చెప్పాపెట్టకుండా పొంగుతుంది. అందుకే మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది: గెడ్డ దాటినవాళ్ళు తిరిగొచ్చి గుమ్మం ఎక్కేదాకా వాళ్ళ గురించి "వెళ్ళాడు" అనకూడదు. అయ్య అప్పుడే అవతలి ఒడ్డెక్కుతుండగా ఎవరైనా అడిగినా సరే, అమ్మ "వత్తన్నాడు" అనేది. అయిపోయిన మాట అంటే మనిషే తిరిగి రాడేమోనని అందరికీ భయం.

ఆ ఏడు అయ్య సంతకు పోయిన రోజే కొండమీద కుంభవృష్టి కురిసింది. సాయంత్రానికి రాలేదు. తెల్లారినా రాలేదు. అమ్మ నన్ను బడికి తోలేసి తను గెడ్డ ఒడ్డుకు పోయింది. ఆ నీటి హోరు బడిదాకా వినిపిస్తూనే ఉంది.

విజయనగరం వైపునుంచి వచ్చిన మా మాస్టారు ఆ రోజే, జరిగిపోయిన పనిని, జరుగుతూ ఉండిన పనిని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నేర్పుతున్నారు. ఒక్కొక్కరూ లేచి నిన్న ఇంట్లోవాళ్ళు చేసిన పని చెప్పాలి. నా వంతు వచ్చింది.

"మీ అయ్య సంతకెళ్ళాడు గదా. మై ఫాదర్ వెంట్ టు ద మార్కెట్. అనూ."

వెంట్ అంటే వెళ్ళాడనే గదా, ఆ మాట నేనెలా అంటాను?

"ఏటి గుంటా, నోరు పెగల్దేటి? బేగి సెప్పు."

"మై ఫాదర్ వాజ్ కమింగ్" అన్నాను.

మాస్టారు ముచ్చటపడ్డారు. "బాగుంది! మరిప్పుడు వెన్ అని పెట్టి మిగతాది సెప్పు. వత్తా ఉంటే ఏటయింది?"

ఏమయింది? బోర్డుమీద ఆయన రాసిన ఉదాహరణల్లో ఒకడు నడుస్తుంటే పాము కనబడింది, ఒకామె వండుతుంటే దీపం ఆరిపోయింది. వెన్ తర్వాత ఎవరికీ ఏ మంచీ జరగలేదు. అయ్య వస్తుంటే గెడ్డ పొంగింది అనడం తప్ప నాకు ఇంకో ముక్క తట్టలేదు, ఆ ముక్క నేనంటే నా చేతుల్తో నేనే అయ్యను ముంచేసినట్టు. బావురుమన్నాను. పక్కన కూర్చున్న నా నేస్తం "ఆళ్ళయ్య గెడ్డవతలే ఉన్నాడు సార్" అంది. మాస్టారు సుద్దముక్క బల్లమీద పెట్టేసి, నా చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తీసుకెళ్ళారు.

పొద్దు వాలుతుండగా నీరు తీసింది, అవతల ఖాళీ కావిడి కనబడింది. అయ్య గుమ్మం ఎక్కగానే అమ్మ ఊరంతా వినేలా "వచ్చీసినాడు!" అని అరిచింది. ఇక అప్పుడు మొదలయ్యాయి అయిపోయిన మాటలు: అయ్య వెళ్ళిందీ, అమ్మిందీ, జారిందీ, చెట్టు పట్టుకుని వేలాడిందీ, ఎవరో పాకలో పడుకోబెట్టిందీ. మాస్టారు కూడా అంబలి తాగుతూ విన్నారు. నేను అయ్య తడి పంచె చెంగు వదల్లేదు.

ఇప్పుడు గెడ్డమీద వంతెన ఉంది. అయ్యా లేడు, అమ్మా లేదు, పిక్కలాట ఆడే పిల్లలూ లేరు. నేనూ అదే పాఠం చెబుతున్నాను. మా ఊరి కట్టుబాటు గురించి చెబితే పిల్లలు నవ్వారు. ఎవరైనా దారిలోంచే ఫోన్ చేసి ఎక్కడున్నదీ చెప్పేస్తారాయె.

మా అమ్మాయి ఇవాళే విశాఖలో కాలేజీకని రైలెక్కింది. టైడా స్టేషన్ దాటాక ఫోన్ చేస్తానంది. సొరంగాల్లో సిగ్నల్ ఉండదని నాకు తెలుసు, అయినా స్టాఫ్‌రూము చేరేదాకా ఫోన్ తీసి చూస్తూనే ఉన్నాను. కొత్తగా వచ్చిన టీచరు పనసతొన చేతికిస్తూ అడిగింది.

"మీ పాప వెళ్ళిందా మేడమ్?"

"వస్తోంది" అన్నాను.