అత్తమ్మ చెయ్యి పెట్టిన పక్క

తొంభైల మొదట్లో సంగతి. రెండో నెలలో పాప పాలు తాగుతూ తాగుతూ ఆగిపోయింది. నుదుటి నిండా చెమట, డొక్కలు ఎగరేస్తోంది. మా అచ్చంపేటలో అది చలికాలం.

అదేరోజు అత్తమ్మ పాపను కాళ్ల మీద పండబెట్టుకొని, నూనె రాస్తూ చెయ్యి ఆపింది. "సుజాతా, పిల్ల గుండె కుడిపక్క కొట్టుకుంటాంది. జర చెయ్యి పెట్టి సూడు."

నేను పెట్టలేదు. మా సంబంధం ఆమెకు మొదటినుంచీ ఇష్టం లేదు. ఇప్పుడు నా బిడ్డకు వంక పెడుతోందనుకున్నాను. నాకు ఎవరి మాటా తొందరగా ఎక్కదు, ఆమె మాట అసలే ఎక్కదు.

మహబూబ్‌నగర్ డాక్టరు నిమ్ము అన్నాడు. ఇంజెక్షన్లతో తగ్గింది, మళ్లీ వచ్చింది. మూడోసారి ఎక్స్‌రే తీయించాడు. ఫిల్మ్ చూసి, తిప్పి మళ్లీ చూశాడు. "తీసినోడు కుడి ఎడమల గుర్తు ఉల్టా పెట్టిండమ్మా. గుండె మంచిగనే ఉంది."

ఎందుకు తిప్పాడో అడగాలనిపించింది. అడగలేదు. నిజం చెప్తున్నా, అత్తమ్మ మాట తప్పయిందని సంతోషపడ్డాను.

ఆరో నెలకు పాప పాలు తాగడమే మానేసింది. హైదరాబాద్ పెద్ద దవాఖానకు పోయాం. పాపను పట్టుకోవడానికి తోడు కావాలని అత్తమ్మను కూడా తీసుకుపోయాను. ఎకో చేసే డాక్టరమ్మ ఎడమపక్క జెల్ పూసి ఎంత వెతికినా బొమ్మ సరిగా రాలేదు. ఈమెకు మిషన్ వచ్చో రాదో అని నా అనుమానం.

అత్తమ్మ ముందుకొచ్చి పాప కుడి రొమ్ము మీద చెయ్యి పెట్టింది. "గీడ సూడుండ్రి అమ్మా. నేను రోజూ నీళ్లు పోస్తున్న."

మిషన్ అక్కడ పెట్టగానే తెర మీద గుండె కనిపించింది. డాక్టరమ్మ కొలతలు రాసుకొని మావైపు తిరిగింది.

"డెక్స్ట్రోకార్డియా. గుండె కుడివైపు ఉంది. అదొక్కటే అయితే భయం లేదు. లోపల పెద్ద రంధ్రం కూడా ఉంది, వీఎస్‌డీ. ఆపరేషన్ కావాలి. ఇంత ఆలస్యం చేశారేం? మీకు ఎప్పుడు తెలిసింది?"

నేను వంగి పాప ఒంటి మీది జెల్ తుడవసాగాను.

"మొన్ననే సూసిన అమ్మా" అంది అత్తమ్మ.

ఆపరేషన్‌లో రంధ్రానికి ప్యాచ్ వేశారు. తర్వాత మళ్లీ నిమ్ము చేసి నెల రోజులు దవాఖానలోనే ఉన్నాం. పాప బతికింది. ఇప్పుడు కొల్లాపూర్‌లో టీచరు. అత్తమ్మ లేదు. ఆ నాలుగు నెలల సంగతి ఆమె పోయేదాకా ఎవరికీ చెప్పలేదు, నన్నూ ఒక్కమాట అనలేదు.

నాకు ఇప్పటికీ అందరి మీదా అనుమానమే. ఎక్స్‌రేలో గుర్తు ఏ పక్క పెట్టారో నిలదీసి అడుగుతాను. మీకు చెప్పేది ఒక్కటే. పిల్లకు నీళ్లు పోసే మనిషిని డాక్టరు దగ్గరికి వెంట తీసుకుపోండి. ఆమెతో మీకు మాటల్లేకపోయినా సరే, తీసుకుపోండి.