సంగమ స్నానానికని బయల్దేరి చెవి డాక్టరు దగ్గర తేలాం

అంతర్వేది చూసి చాలా ఏళ్లయింది గానీ, ఈసారి వెళ్లింది చూడ్డానికి కాదు. మామిడికుదురులో ఉండే మా మామయ్య, అంటే అమ్మకి అన్నయ్య, ఫోన్ చేసి, "పారాయణం మానేస్తున్నానే. సంగమంలో స్నానం చేసి స్వామికి ఓ మాట చెప్పుకుంటాను. నువ్వు తోడొస్తావేమోనని" అన్నాడు. చిన్నప్పుడే వేదంలో పడి, రోజూ పొద్దున్నే ఊరి గుళ్లో పారాయణం చేసే మనిషి. భోజనం మానేస్తానన్నా ఇంత కంగారు పడేదాన్ని కాదు.

సంగతేమిటంటే, కొన్ని నెలలుగా ఆయన స్వరం ఎత్తేసరికి లోకం గిర్రున తిరుగుతోందట. వేదం నేర్పేటప్పుడు గురువుగారు శిష్యుడి తల చేత్తో పట్టుకుని, స్వరానికి తగ్గట్టు కిందికి వంచుతూ, పైకెత్తుతూ చెబుతారు. మామయ్యకి ఆ తల ఊపు ఈ వయసులోనూ పోలేదు. తల లేస్తే కళ్లు తిరుగుతున్నాయని, తల కదలకుండా బిగబట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. దాంతో ఓ రోజు అందరి ముందూ స్వరం తప్పింది. ఎన్నడూ తప్పని మనిషి! ఎక్కడో అపచారం జరిగింది, వేదమే తనని వద్దంటోందని తేల్చేసుకున్నాడు. బీపీ మాత్రలు, మెడకి పట్టీ వాడి చూడటం అప్పటికే అయిపోయింది.

నేను రాజమండ్రి నుంచి పొద్దున్న బస్సెక్కాను. రావులపాలెం, కొత్తపేట మీదుగా పి.గన్నవరం, అక్కడ గోదావరి పాయ మీది అక్విడక్టు వంతెన దాటి ఆటోలో మామిడికుదురు. బస్సూ ఆటోలూ కలిపి మూడు గంటలు పెట్టుకోండి. అక్కడి నుంచి అంతర్వేదికి రాజోలు, మలికిపురం మీదుగా గంటకి పైనే. బస్సులున్నాయి గానీ, మామయ్య పరిస్థితి చూసి కారు మాట్లాడాను. డీజిలుతో కలిపి రోజుకి రెండున్నర వేలు. డ్రైవరు సత్తిబాబు మామయ్యని అద్దంలో చూస్తూనే ఉన్నాడు.

"పారాయణం మానేసేరంట కదండీ? మా ఇంట్లో మీ గొంతు వినపడ్డాకే టీ పెడతారండీ."

"ఇక గడియారం చూసి పెట్టుకోండి" అన్నాడు మామయ్య. నవ్వుతూ అన్నాడు గానీ, ఆ నవ్వు చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

దర్శనం చేసుకుని, గోదావరి సముద్రంలో కలిసే సంగమం దగ్గరికి వెళ్లేసరికి పదకొండు దాటింది. సముద్రం పోటు సమయం, అయినా నీళ్లు మోకాళ్ల దాకానే ఉన్నాయి కదా అని నేను గట్టునే ఆగిపోయాను. మామయ్య దోసిట్లో నీళ్లు తీసుకుని, అర్ఘ్యం ఇవ్వడానికి సూర్యుడి వైపు తలెత్తాడు. అంతే. నిలువునా వెనక్కి పడిపోయాడు. ఆ వెంటనే ఓ కెరటం ఆయన మీదుగా వెళ్లిపోయింది. వల సర్దుకుంటున్న ఒకామె, సత్తిబాబు పరుగెత్తి చెరో రెక్కా పట్టుకుని లాక్కొచ్చారు.

"తల తిన్నగా ఎట్టండమ్మా, నీళ్లు మింగేరు!" అందామె.

ఆయన తల నా ఒళ్లోకి తీసుకున్నాను. దగ్గు సర్దుకున్నాక ముఖంలోకి చూశాను. నల్లగుడ్లు రెండూ ఎవరో లోపల్నుంచి తిప్పుతున్నట్టు టకటకా కొట్టుకుంటున్నాయి. పక్షవాతమే అనుకున్నాను. తడిబట్టలతోనే కారెక్కించాం. మళ్లీ మామిడికుదురు, పాశర్లపూడి వంతెన దాటి అమలాపురం. దారంతా ఆయన చెయ్యి వదల్లేదు.

ఆసుపత్రిలో చేతులూ కాళ్లూ, మాటా, గుండే, ఊపిరితిత్తులూ అన్నీ చూశారు. పక్షవాతం కాదని తేల్చి చెవి డాక్టరమ్మ దగ్గరికి పంపించారు. చెవేమిటి! నాకు ఒళ్లు మండింది. మనిషి మునిగిపోబోతే చెవిలో గుబిలి చూస్తారా?

"ఎప్పుడు తిరుగుతుందండీ గురువుగారూ?" అందావిడ.

"పారాయణంలోనమ్మా. తలెత్తినప్పుడు. ఏదో అపచారం, స్వరం కూడా తప్పింది."

"పడుకున్నప్పుడు?"

"కుడిపక్కకి ఒత్తిగిలితే కూడా తిరుగుతుందమ్మా."

"మరి నిద్దట్లో స్వరం ఎక్కడ తప్పేరండీ?"

నేను మామయ్య వైపు తిరిగాను.

ఆవిడ ఆయన తల కుడివైపు తిప్పి, మంచం అంచు దాటేలా గబుక్కున వెనక్కి పడుకోబెట్టింది. కొన్ని క్షణాలకి మళ్లీ ఆ గుడ్లు తిరగడం. మామయ్య మంచం పట్టుకుని కేకేశాడు. నేను లేవబోతే ఆవిడ ఆగమంది. చెవి లోపల మూడు వంపు గొట్టాలుంటాయట. తల ఎటు తిరిగిందో మెదడుకి చెప్పేవి అవే. పక్క అరలో ఉండాల్సిన సున్నపు నలుసులు ఊడి, ఒక గొట్టంలోకి జారాయి. తల ఆగినా లోపల అవి దొర్లుతూనే ఉంటాయి. ఇంకా తిరుగుతున్నామనే కబురు మెదడుకి వెళ్తూనే ఉంటుంది.

"మందు?" అన్నాను.

"తల తిప్పడమేనండీ మందు."

ఆ తలని అలాగే పట్టుకుని మెల్లగా ఎడమవైపు తిప్పింది, ఆగింది. ఒత్తిగిలించి ముఖం నేలవైపు ఉంచింది, ఆగింది. లేపి కూర్చోబెట్టింది. పది నిమిషాలు పట్టలేదు. కాసేపయ్యాక మళ్లీ వెనక్కి పడుకోబెట్టి చూస్తే గుడ్లు కదల్లేదు! నెలల తరబడి మనిషిని తినేసిన జబ్బు ఇదేనా? నమ్మలేకపోయాను. తిరగబెట్టొచ్చు, అప్పుడు మళ్లీ రండి, రెండు మూడు రోజులు తూలినట్టుంటుంది, ఏటి వైపు వెళ్లకండి అని చెప్పింది. ఫీజు కారు అద్దెలో నాలుగో వంతు కూడా లేదు.

మామయ్య తల తడుముకుని, "మా గురువుగారు కూడా ఇలాగే పట్టుకునేవారమ్మా" అన్నాడు. కళ్లనిండా నీళ్లు.

తిరిగొస్తూ పాశర్లపూడి వంతెన మీద సన్నగా గొంతు సవరించుకున్నాడు. ఒక వాక్యం అందుకున్నాడు. తల కిందికి వంగింది, పైకి లేచింది. నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఏమీ కాలేదు. సత్తిబాబు కారు నెమ్మది చేసి, "రేపు గడియారం చూడక్కర్లేదా అండీ?" అన్నాడు. "ఆయ్, చూడక్కర్లేదు" అన్నాడు మామయ్య.

నలుసంత సున్నం ఒక మనిషి చేత వేదాన్ని వదిలించబోయింది, సముద్రంలోకీ తోసింది. ఆ దిగ్భ్రాంతి నాకింకా పోలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే ఒకటే చెబుతాను. మాట తడబడినా, చెయ్యో కాలో పడిపోయినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవేవీ లేకపోతే ఎటు కదిలితే కళ్లు తిరుగుతున్నాయో మొత్తం చెప్పమనండి, మంచం మీద సంగతితో సహా. ఒత్తిగిలితే తిరుగుతోందని మామయ్య అప్పటిదాకా ఒక్కరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "దానికీ వేదానికీ సంబంధం లేదు కదే" అన్నాడు.