మరక లేని కాగితాలు

భిలాయి ఉక్కు కర్మాగారం టైమ్ ఆఫీసులో భుజంగరావు గుమాస్తాగా ఉన్న కాలంలో, ఆయన చేత సెలవు చీటీ దాటించుకోవడం కంటే కొలిమి ముందు నిలబడడమే నయమనుకునేవారు కార్మికులు. చీటీకి ఒక నకలు, ఆ నకలుకి ఇంకో నకలు, ఆపైన ఫోర్‌మన్ సంతకం, దాని కింద ముద్ర. ముద్ర వంకరగా పడితే మళ్లీ మొదటికి రావాల్సిందే. విజయనగరం మనిషి కదా, మనవాళ్లని చూసీ చూడనట్టు వదిలేస్తాడని ఆశపడ్డ తెలుగువాళ్లు ఆ కిటికీ ముందు అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డారు. అంతటి మనిషి రిటైరై ఏడాది తిరక్కుండానే కాగితానికి బద్ధశత్రువైపోయాడు.

దానికి కారణం ఆయన కూతురు ఛాయ. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై ఇంకా పదేళ్లు నిండలేదు. రాయ్‌పూర్ రాజధాని కావడంతో అక్కడ ఆఫీసులు పెరిగి ఆమెకి కంప్యూటర్ ఉద్యోగం దొరికింది. తండ్రి ఊసుపోక ఇరుగుపొరుగు తగాదాల్లో తలదూరుస్తున్నాడని తెలిసి, ఒక స్కానరూ దాన్ని నడిపే సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టింది. కాగితాన్ని అద్దం మీద బోర్లించి మీట నొక్కితే దాని బొమ్మ కంప్యూటర్లోకి వస్తుంది. అక్కణ్ణించి ఇంటర్నెట్ మీదుగా ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్లలోకి వెళ్లి భద్రంగా కూర్చుంటుంది. దాన్ని క్లౌడ్ అంటారని చెప్పింది ఛాయ. అసలు కాగితాలు మాత్రం పారెయ్యొద్దని కూడా చెప్పింది. మొదటి మాట ఆయనకి మంత్రోపదేశంలా వినిపించింది. రెండోది చిన్నపిల్ల పిరికితనంలా తోచింది.

వారం తిరిగేసరికి ఇంట్లో గ్యాస్ రసీదు మొదలుకొని పాత జాతకాల దాకా అన్నీ "పైకి" వెళ్లిపోయాయి. పైన అంటే ఎక్కడని ఆయన భార్య కన్నమ్మ అడిగింది. ఆయన గంభీరంగా సీలింగు ఫ్యాను వైపు వేలు చూపించాడు. ఆవిడ ఫ్యానుని ఒకసారి ఎగాదిగా చూసి, క్వార్టర్ కాగితాలూ పింఛను పుస్తకమూ చీరల అడుగున దాచి, బీరువా తాళం కొంగుకి కట్టుకుంది.

"మీ పైన మీరుంచుకోండి. నా బీరువా నాకుంది," అంది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఆయన మనసు దోచుకున్నది ఒక చిన్న గడి. దాంట్లో టిక్కు పెడితే పేజీ శుభ్రమైపోయేది. పసుపు రంగు పోయి మల్లెపువ్వులా తెల్లబడేది. నూనె మరకలు, టీ మరకలు, మడతల గీతలు అన్నీ మాయమయ్యేవి. జీవితమంతా ఇతరుల మురికి కాగితాలు ముట్టుకున్న మనిషికి అంతకంటే సుఖం ఏముంటుంది? ఆ గడిలో టిక్కు తీయడమన్నది ఆయనకి మళ్లీ తట్టలేదు.

సెక్టర్ 6 తెలుగు సంఘానికి ఆయనే కార్యదర్శి. నవంబరు ఒకటిన అటు ఆంధ్రకీ ఇటు ఛత్తీస్‌గఢ్‌కీ అవతరణ దినం కాబట్టి, సంఘం వాళ్లు ఒకే దండతో రెండు ఉత్సవాలూ జరిపేసేవారు. ఆ ఏడు ఆయన కొత్త కార్యక్రమం ప్రకటించాడు. సభ్యుల కాగితాలన్నీ ముందే తన ఇంట్లో స్కాన్ అవుతాయి. ఉత్సవం రోజున పాత కాగితాలని అందరి ఎదుటా తగలబెట్టాలి. చెదలకీ ఎలకలకీ ఇక సెలవు అంటూ ఉపన్యాసం కూడా రాసుకున్నాడు. దాన్ని మాత్రం కాగితం మీదే రాసుకున్నాడు.

ఇనప తట్టలో మంట వేశారు. తెలివైన సభ్యులు పాత కరెంటు బిల్లులూ, ఎవరెవరివో శుభలేఖలూ తెచ్చి భక్తిగా వేశారు. కార్యదర్శి గారి కాగితాలేవని ఎవరో అడిగితే, వాటి వంతు తర్వాత వస్తుందని ఆయన చెప్పాడు. నిజంగా నమ్మినవాడు మార్టిన్ ఒక్కడే. బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగం చేసినన్నాళ్లూ భుజంగరావు కిటికీ ముందు నిలబడి, ఈయన చేతిలో పడ్డ కాగితం పోదన్న నమ్మకం పెంచుకున్నాడు. తన తండ్రి కొర్నేలి కర్మాగారం కట్టే రోజుల్లో మట్టిపనికి చేరినప్పుడు అతనికిచ్చిన పని కాగితాన్ని తెచ్చాడు. కొస కాలుతుంటే కళ్లకి పొగ తగిలినట్టు ముఖం తిప్పుకున్నాడు. భుజంగరావు ఆయన భుజం తట్టాడు.

వేసవిలో ఒక ట్రస్టు వాళ్లు, కర్మాగారం కట్టినవాళ్ల మనవలకీ మనవరాళ్లకీ నర్సింగు కాలేజీలో సీట్లు ఇస్తామని ప్రకటించారు. తాత పనిచేసినట్టు రుజువు చూపాలి. మార్టిన్ కూతురు వెరోనికా భుజంగరావు దగ్గరకొచ్చి కాగితం ప్రింటు తీయించుకుని, ట్రస్టు ఆఫీసుకి వెళ్లి, సాయంత్రానికి తండ్రిని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. వాళ్లు తీసుకోలేదు. ముద్రా లేదు, వేలిముద్రా లేదు, ఇది నిన్న టైపు చేసుకున్న కాగితంలా ఉందన్నారట.

భుజంగరావు నవ్వి కంప్యూటర్ తెరిచాడు. ఆఫీసుల్లో ఇంకా అజ్ఞానం పోలేదంటూ ఆ పేజీని తెర నిండా పెద్దది చేశాడు. అక్షరాలు నల్లగా, మిగతా అంతా తెల్లగా, ఒక్క మచ్చ లేకుండా మెరిసిపోతోంది. మార్టిన్ ముందుకి వంగి, కాగితం అడుగు భాగం మీద వేలు పెట్టాడు.

"మా అయ్య వేలిముద్ర ఇక్కడుండాలి సార్. ఏటయ్యింది?"

భుజంగరావు చూశాడు. పక్క పేజీ చూశాడు. ఇంకో ఇంటివారి పెళ్లి పత్రం చూశాడు. అక్కడ పాస్టరు గారి ఊదారంగు ముద్రా లేదు. అయినా గొంతు మాత్రం టైమ్ ఆఫీసు కిటికీలోంచి వచ్చినట్టే వచ్చింది. యంత్రం మరకలని తీసేస్తుందనీ, అది దాని గుణమనీ, పాతకాలపు సిరా వెలిసిపోతే తప్పు సిరాదేననీ చెప్పాడు.

భిలాయిలోనే పుట్టి పెరిగిన వెరోనికాకి తెలుగు కంటే హిందీయే దగ్గర. వేలిముద్ర అన్న మాట నోటికి రాక, మాటలు వెతుక్కుంటూ మెల్లగా అంది. "అంకుల్, మా తాత అంగూఠా మరకా?"

కన్నమ్మ టీ తెచ్చి మార్టిన్‌కీ పిల్లకీ ఇచ్చింది. మొగుడి కప్పు వంటింట్లోనే ఉండిపోయింది.

ఆ ఏడు సీటు పోయింది. మర్నాటి నుంచి భుజంగరావు గుట్టుగా ఆ గడిలో టిక్కు తీసి పాత బొమ్మలని బాగుచేయబోయాడు. పోయినవి రాలేదు. కూతురికి ఫోన్ చేస్తే, ఒరిజినల్స్ మళ్లీ స్కాన్ చెయ్యి నాన్నా అంది. అవి ఏమయ్యాయో చెప్పకుండానే ఆయన ఫోన్ పెట్టేశాడు. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజుకి తప్పంతా సాఫ్ట్‌వేర్ కంపెనీదేనని తేలిపోయి ఆకలి వేసింది.

మరుసటేడు మార్టిన్ ఊరి పక్కనున్న రిసాలికి వెళ్లి గున్నమ్మని వెతికి పట్టుకున్నాడు. కొర్నేలి తవ్విన మట్టిని తట్టల్లో మోసిన ముసలావిడ. నోటరీ ముందు కూర్చుని, కొర్నేలి తవ్వేవాడనీ తాను మోసేదాన్ననీ చెప్పి, స్టాంపు కాగితం మీద వేలు నొక్కింది. ట్రస్టు వాళ్లు ఒప్పుకున్నారు. వెరోనికా హాస్టల్లో చేరింది.

సంఘం ఎన్నికల్లో భుజంగరావే మళ్లీ కార్యదర్శి అయ్యాడు. ఆ క్లౌడ్ పాస్‌వర్డ్ ఇంకెవరికీ తెలియదు మరి. దండ మెడలో ఉండగానే మార్టిన్‌ని పక్కకి పిలిచి, గున్నమ్మ ఇచ్చిన కాగితం నకలు ఒకసారి ఇస్తే ఈసారి జాగ్రత్తగా పైకి ఎక్కించేస్తానన్నాడు.

మార్టిన్ చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. లోపల మడిచిన కాగితం గరగరలాడింది.

"మా దగ్గర నేదు సార్," అన్నాడు. "పిల్ల హాస్టల్‌కి పట్టుకుపోనాది."

ఆ చప్పుడు భుజంగరావుకీ వినిపించింది. సరేనని తలూపి, దండ సవరించుకుంటూ వేదిక ఎక్కాడు.