తెల్ల బట్టల సలామీ

నిజామాబాద్ కంఠేశ్వర్ గుడి వెనక సందులో నాది ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపు. ఇరవై ఏళ్లుగా చనిపోయినవాళ్లకు నివాళులు, బతికున్నవాళ్లకు శుభాకాంక్షలు నేనే రాసి ఇస్తున్నాను. ఎంత పనికిమాలినవాడినైనా రెండు లైన్లలో మహానుభావుణ్ణి చేయగలను. మల్లికార్జున్ పనికిమాలినవాడు కాదు, చాలా మంచివాడు. అయినా ఆయన గురించి రాద్దామంటే మంచి మాట ఒక్కటీ కలంలోంచి దిగడం లేదు. జరిగింది తలుచుకుంటే రోత పుడుతోంది. ఆ రోతలో నా వాటా కూడా ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మల్లికార్జున్‌ది కోటగిరి. తండ్రి భోజన్న బోధన్ ఫ్యాక్టరీకి చెరకు బండి తోలేవాడు. కొడుకు బళ్లో పంద్రాగస్టు పరేడ్‌కు డ్రమ్ము కొట్టేవాడు. చదువులో అంతంతమాత్రం, డ్రమ్ము మీద మాత్రం చెయ్యి గడియారంలా తప్పకుండా ఆడేది. పద్దెనిమిదేళ్లకు నేవీలో ఎంపికై ఒడిశా తీరంలో ట్రైనింగుకు పోయాడు. పోయిన మొదటి వారమే కొత్త కుర్రాళ్లను వరసలో నిలబెట్టి వాయించడం ఎవరికి వచ్చని అడిగారట. ఈయన చెయ్యెత్తాడు. అంతే, ఆ చెయ్యి పదిహేనేళ్లు మళ్లీ దిగలేదు.

రిక్రూట్ల బ్యాండు గురించి చెప్పమంటే ఆయనకు అన్నం నీళ్లు గుర్తుండవు. అక్కడ ట్రైనింగుకు వచ్చిన పిల్లల్లోంచే కొందరిని బ్యాండుకూ, కొందరిని జెండాలు పట్టేందుకూ, కొందరిని తుపాకుల కవాతుకూ తీస్తారు. మిగతావాళ్లు నడుం వాల్చే వేళలో వీళ్లు ప్రాక్టీసు చేస్తారు. ముందు బ్యాచి ట్రైనింగు ముగించుకొని పోయే రోజున వాళ్ల పరేడ్‌కు వీళ్లు వాయిస్తారు. వీళ్లు పోయే రోజున వెనక బ్యాచి వాయిస్తుంది. పరేడ్ అయ్యాక తల్లిదండ్రులు వచ్చి పిల్లల నెత్తిన టోపీ సర్దుతారు. మల్లికార్జున్ చివరి ఆరేళ్లు ఆ పిల్లలకు డ్రమ్ము నేర్పడమే పనిగా ఉన్నాడు. సముద్రం మీద ఉన్నదానికంటే ఆ గ్రౌండులో నిలబడ్డదే ఎక్కువని నవ్వేవాడు.

సర్వీసు ముగించుకొని నిజామాబాద్ వచ్చాక ఒక ఏటీఎం ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. కూర్చున్నచోటే మోకాలి మీద వేళ్లతో వాయించుకుంటుండేవాడు. శివకుమార్ కంట్లో పడింది అక్కడే.

శివకుమార్ మొదట పసుపు విత్తనం అమ్మేవాడు, తర్వాత ప్లాట్లు అమ్మాడు, ఇప్పుడు డిఫెన్స్ అకాడమీ పెట్టి ఆశలు అమ్ముతున్నాడు. అగ్నివీర్ పరీక్షలకు కోచింగ్. గోడ మీద యుద్ధనౌక బొమ్మ, అది వేసి ఇచ్చింది నేనే. ఒకరోజు ఏటీఎం దగ్గర కారు ఆపి మల్లికార్జున్‌ను కదిలించాడు.

"సాబ్, గేటు కాడ కూసునే మనిషివా నువ్వు? మా పోరగాండ్లకు నేవీ బ్యాండు నేర్పు. తెల్ల బట్టలు కుట్టిస్త, డ్రమ్ములు కొంట. రుబాబుగ ఉండాలె."

డ్రమ్ములు వచ్చాయి. బోధన్‌లో మూతపడ్డ ఒక పెళ్లి బ్యాండువాళ్లవి. వాటి మీది ఎర్ర రంగు గీకేసి నీలం వేయించారు. ఇరవై నాలుగు మందితో "సెరిమోనియల్ యూనిట్" తయారైంది. ఆ పేరు తప్పుల్లేకుండా రాయమని శివకుమార్ నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు.

ఆ ఇరవై నాలుగు మందిలో హర్షిణి ఒకతె. మా సందు చివర సుమలత బిడ్డ. సుమలత బీడీలు చేస్తుంది, భర్త లేడు. హర్షిణి ఎవరి సాయం లేకుండా చదువుకొని నేవీ అగ్నివీర్ కంప్యూటర్ పరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది పరుగు. పదహారు వందల మీటర్లు ఎనిమిది నిమిషాల్లో ఉరకాలి. తెల్లవారుజామున బైపాస్ రోడ్డు మీద ఏడు నిమిషాల నలభై సెకన్లలో ఉరికేది. ఉత్త కాళ్లతోనే, షూలు అరిగిపోతాయని. ఈ ఏడాది దాటితే ఆ పిల్లకు వయసు దాటిపోతుంది. ఉన్నది ఈ ఒక్క అవకాశమే, ఆ సంగతి మా సందులో పాలు పోసే మనిషికి కూడా తెలుసు.

యూనిట్ మొదలుపెట్టిన వారానికి శివకుమార్ తల్లిదండ్రుల మీటింగు పెట్టాడు. బ్యానర్ కట్టడానికి నేను పోయాను కాబట్టి అంతా విన్నాను. యూనిట్‌లో ఉన్న పిల్లలకు సెలక్షన్‌లో వెయిటేజీ ఉంటుందని, సర్టిఫికెట్ చూపిస్తే పరుగులో అటూఇటూ అయినా చూసుకుంటారని మైకులో చెప్పాడు. తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుమలత లేచి శివకుమార్‌ను అడగలేదు, మల్లికార్జున్ వైపు తిరిగింది.

"సార్, గది నిజమేనా? మీరు ఆడ పని చేసిండ్రు గదా, మీరు జెప్పుండ్రి."

మల్లికార్జున్ చేతిలోని డ్రమ్ము పుల్లలు సంచిలో పెట్టాడు. తర్వాత, "డిసిప్లిన్ అయితే వస్తదమ్మా," అన్నాడు.

సుమలత కూర్చుంది. ఆమెకు ఆ జవాబు చాలు. పదిహేనేళ్లు నేవీలో ఉన్న మనిషి కాదనలేదంటే అవుననే కదా.

ఆ సాయంత్రం షాపు ముందు టీ తాగుతూ నేను నిలదీశాను. "గదేం జవాబే మల్లన్నా?"

"విష్ణన్నా, ఆడ నౌకరీ దొరికినంక వాయిస్తరు. ఈడ వాయిస్తె నౌకరీ దొరుకుతదని జెప్తుండు. నాకు ఎర్క లేదా?"

"ఎర్కుంటె మరి ఎందుకు జెప్పలె?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఇరవై నాలుగు మంది ఒక్కతీరు అడుగేస్తె ఎట్లుంటదో నువ్వు సూడలె. మల్ల నా నసీబుల అది ఉండదనుకున్న."

నిజం చెప్తే యూనిట్ ఉండదు, అదీ ఆయన భయం. నాకు అసహ్యం వేసింది, కానీ నేను మాత్రం ఏం ఉద్ధరించాను? మర్నాడే శివకుమార్ కొత్త ఫ్లెక్సీ ఆర్డరిస్తే "ఎంపికకు తొలి మెట్టు" అని నేనే రాశాను.

యూనిట్‌ను శివకుమార్ పెళ్లి బగ్గీలా తిప్పడం మొదలుపెట్టాడు. నగల షాపు ఓపెనింగులు, లీడర్ల పుట్టినరోజులు, ఆఖరుకు ఒక కల్యాణమండపంలో జనరేటర్ పూజ. ప్రాక్టీసు పొద్దున పెట్టడంతో హర్షిణి పరుగు సాయంత్రానికి మారింది, సాయంత్రం ప్రోగ్రాములతో వారానికి రెండు రోజులకు దిగింది, తర్వాత అదీ పోయింది. బ్యూగిల్ మాత్రం బ్రహ్మాండంగా ఊదేది.

బోధన్ రోడ్డు మీద ఒక తునికాకు కాంట్రాక్టరు యాభయ్యో పుట్టినరోజు నా కళ్లతో చూశాను. పది గంటలకు రమ్మని పిల్లల్ని పార్కింగులో నిలబెట్టారు. ఆయన ఒంటి గంటకు వచ్చాడు. మే నెల ఎండ, నీళ్లు తాగడానికి వరస విడవొద్దని ఆర్డరు. కారు దిగి బొజ్జ ముందుకు వేసుకొని గౌరవ వందనం స్వీకరించాడు. అచ్చం టీవీలో చూపించినట్టు వరస ముందు నడుస్తూ ఒక్కొక్కరినీ ఎగాదిగా చూశాడు. నోట్లో గుట్కా. హర్షిణి ముందుకు వచ్చేసరికి ఇక ఆపుకోలేక పక్కకు ఉమ్మాడు. సగం నేల మీద పడింది, సగం ఆ పిల్ల తెల్ల బూటు మీద.

హర్షిణి కదలలేదు. కనురెప్ప కూడా కొట్టలేదు. మీద తేలు పాకినా కదలొద్దని మల్లికార్జున్ నేర్పాడు మరి. కాంట్రాక్టరు చూసి కూడా చూడనట్టు ముందుకు పోయాడు, వెనకున్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

అంతా అయ్యాక ఆ పిల్ల బ్యూగిల్ తుడిచే గుడ్డతోనే బూటు తుడుచుకొని మల్లికార్జున్ దగ్గరికి వచ్చింది.

"సార్, నేను కదలలె గదా?"

"శభాష్ బిడ్డా," అన్నాడాయన.

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ మాటకు నాకు ఆ కాంట్రాక్టరు ఉమ్మినదానికంటే ఎక్కువ రోత పుట్టింది. వాడిది గుట్కా, కడిగితే పోతుంది.

పరుగు పరీక్షకు నెల ముందు శివకుమార్‌కు ఇంకో ఆలోచన వచ్చింది. పాసింగ్ అవుట్ పరేడ్. ఎవరు ఎక్కడ పాసయ్యారని అడిగే నాథుడు లేడు. ఒక గ్రౌండు కిరాయికి తీసుకున్నాడు, షామియానా వేయించాడు. డ్రమ్ములు మోగుతుండగా పిల్లలు నెమ్మదిగా అడుగులు వేసుకుంటూ గీత దాటారు. గీత దాటిన ప్రతి ఒక్కరి దగ్గరికీ తల్లిని పిలిచి, టోపీ చేతికిచ్చి నెత్తిన పెట్టించారు, పిల్లల చేతికి యూనిట్ సర్టిఫికెట్ ఇచ్చారు. ఫోన్లలో అందరూ చూసిందే కదా, సైన్యంలో ట్రైనింగు ముగిసిన రోజున ఇలాగే చేస్తారని. సుమలత బిడ్డ నెత్తిన టోపీ పెట్టి రెండుసార్లు సర్దింది. పక్కన మల్లికార్జున్ డ్రమ్ము మీద పుల్లలు ఆడిస్తూనే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నమే సుమలత మా సందులో పేడాలు పంచింది. నా షాపుకూ తెచ్చింది.

"తీస్కో అన్నా. బిడ్డకు నేవీల నౌకరీ అచ్చింది."

పేడా తిన్నాను.

హర్షిణికి ఇంకా పరుగు ఉందని తెలుసు. మళ్లీ పొద్దున్నే లేచి పోబోతే తల్లే ఆపింది. టోపీ పెట్టినంక ఇంక ఉరుకుడెందుకు, కాళ్లు నొస్తయని. ఆ పిల్ల కూడా సర్టిఫికెట్‌ను నమ్మింది. రెండు మూడు రోజులు ఉరికి, ఆయాసం వస్తే ఆగిపోయింది.

పరుగుకు విశాఖపట్నం పిలిచారు. ఇంకో ఇద్దరు ఆడపిల్లలతో కలిసి రైల్లో పోయింది. అక్కడ టేబుల్ దగ్గర కూర్చున్న ఆఫీసరుకు కాగితాలన్నిటి పైన ఈ సర్టిఫికెట్ పెట్టి ఇచ్చిందట. ఆయన అటూఇటూ తిప్పి చూసి, ఇది మాకు అక్కర్లేదమ్మా అని మర్యాదగానే తిరిగిచ్చి, పరుగు లైన్లోకి పొమ్మన్నాడట. ఎనిమిది నిమిషాల తొమ్మిది సెకన్లు. తొమ్మిది సెకన్లంటే నేను ఈ వాక్యం రాసేంత సేపు కూడా కాదు.

కబురు తెలియగానే మల్లికార్జున్ అకాడమీకి పోయాడు. నన్నూ వెంట తీసుకుపోయాడు. శివకుమార్ కుర్చీలోంచి లేవలేదు.

"నసీబ్ సాబ్, ఏం జేస్తం. ఒక పని జేద్దాం, ఆ పోరినే నెక్స్ట్ బ్యాచికి బ్యూగిల్ టీచర్‌గ పెడ్దాం. మంచిగ ఊదుతది."

మల్లికార్జున్ రాజీనామా అనలేదు, తిట్టలేదు. బయటికి వచ్చి చెప్పులేసుకున్నాడు. "సుమలతమ్మ ఇంటికి పోదాం నడువు," అన్నాడు. ఒక్కడే పోవడానికి మొహం చెల్లడం లేదని నాకు అర్థమైంది.

సుమలత ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. హర్షిణి గోడకు ఆనుకొని ఆకు కత్తిరిస్తోంది. మమ్మల్ని కూర్చోమన్నారు. మల్లికార్జున్ నేల మీదే కూర్చొని, యూనిట్‌కు వెయిటేజీ లేదని, ఎప్పుడూ లేదని, ఆ పరేడ్ ఉత్త తమాషా అని చెప్పాడు. చెప్పడం సూటిగానే చెప్పాడు. మూడు నెలల కింద చెప్పాల్సిన మాట.

సుమలత చెయ్యి ఆగలేదు. "గోడల మీద ఈ అన్న రాసిండు. డ్రమ్ము మీరు గొట్టిండ్రు. టోపీ నా చేతికిచ్చి బిడ్డ నెత్తిన పెట్టుమన్నరు, పెట్టిన. వాడకట్టంత పేడాలు పంచిన. గిప్పుడు అచ్చి కాదంటె నేను ఎవలకు జెప్పాలె సార్?"

ఆమె ఇంకో బీడీకి దారం చుట్టింది. తిడితే బాగుండుననిపించింది, ఆమె తిట్టలేదు.

హర్షిణి కత్తెర పక్కన పెట్టింది. "సార్, ఒక్కటి అడుగుత. గిది లేదని మీకు ముందుగాలనే ఎర్కనా?"

"ఎర్కనే బిడ్డా."

"మీటింగు నాడు అమ్మ అడిగినప్పుడు గూడ?"

"ఆ నాడు గూడ."

ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లెక్క తేలక మళ్లీ మొదటినుంచి చూసుకుంటున్నట్టు ఆయన మొహంలోకి చూసింది.

"మూడు నెలలు నేను దినాం మీ ముందట్నే నిలబడ్డ గద సార్," అంది.