బంకరులో మా అమ్మాయి వంటలు

యుక్రెయిన్‌లో యుద్ధం మొదలైనప్పుడు మా అమ్మాయి అక్కడ మెడిసిన్ చదువుతోంది. బాంబులు పడుతున్నాయని టీవీలో విని ఇక్కడ రాయగడ రైల్వే క్వార్టర్సులో నేను కూలబడిపోతే, ఆ మహాతల్లి హాస్టలు కింద నేలమాళిగలో కూర్చుని ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియోలు పెట్టడం మొదలుపెట్టింది. "హాయ్ అండీ, ఇవాళ మన బంకరులో ఏం స్పెషలో చూద్దాం" అంటూ ఎలక్ట్రిక్ కెటిల్‌లో మ్యాగీ ఉడికించడం, నేలమీద వరసగా పరిచిన పరుపులు చూపించడం, సైరన్ మోగితే "అదిగో, మా కాలింగ్ బెల్" అని నవ్వడం. నాకు ఒళ్లు మండిపోయేది. ప్రాణం మీదికొస్తే పరాచికాలేమిటి?

ఫోన్లు సరిగా కలిసేవి కావు. కలిసినా "బానే ఉన్నానే అమ్మా, వీడియో చూసుకో" అని పెట్టేసేది. దాంతో ఆ వీడియోలే మాకు దిక్కయ్యాయి. బజారులో కూరలమ్మే ఆవిడ నన్ను చూడగానే "ఝియొ భల అచ్ఛి?" అని ఒడియాలో అడిగేది, పిల్ల బాగుందా అని. నేను బేరం సంగతి మరచిపోయి ఫోను తీసి చూపించేదాన్ని. మావారు స్టేషనులో గార్డులకీ డ్రైవర్లకీ కూడా చూపించారట. తిట్టుకుంటూనే మురిసిపోయేదాన్ని, ఏం చెయ్యను, నా పిల్ల కదా.

మా అందరికంటే పెద్ద అభిమాని మా అత్తగారు. కళ్లజోడు పెట్టుకుని, ఫోను ముక్కుకి ఆనించుకుని మరీ చూసేవారు. మనవరాలు దేశం దాటేముందు ఆవిడ ఒకే ఒక్క ఒట్టు వేయించుకున్నారు. శనివారం వెంకన్న వారం, ఆ రోజు నీసు ముట్టకూడదు, గుడ్డయినా సరే. పిల్ల ఆ మాట జవదాటలేదు. బంకరులో మొదటి శనివారం కూడా ఒట్టి బ్రెడ్డు ముక్క కెమెరాకి చూపించి, "మామ్మా, సూసుకో, ఇయ్యాల గుడ్డు లేదు" అని మామ్మ యాసలోనే వెక్కిరించింది. ఆవిడ ఆ రోజంతా వీధిలో అందరికీ అదే చెప్పుకున్నారు.

తరువాతి శనివారం పొద్దున్న ఆవిడ వంటింట్లోకి వచ్చి గయ్యిమన్నారు.

"ఏటే ఇది! శనివారం పూట గుడ్లు ఉడకేసుకుని తింతంది నీ కూతురు! ఇలా సూడు."

చూశాను. కెటిల్‌లోంచి తీసిన గుడ్లను, చేతులు కాలుతుంటే ఊదుకుంటూ, నవ్వుతూ వలుస్తోంది.

"వేరే ఏమీ దొరికి ఉండదు అత్తయ్యా, పోనివ్వండి," అన్నాను.

"తింటే తిన్నాదే, యుద్ధంలో దేముడేటంటాడు? కానీ నాకు సెప్పకుండా తినదు. 'మామ్మా, ఏటనుకోకు' అని ఒక్క మాటైనా అంటాది." ఆవిడ ఆ వీడియో మళ్లీ పెట్టుకుని చూశారు. కోపమంతా దిగిపోయి మొహం వాడిపోయింది. "ఇది ఇయ్యాల్టిది కాదే, అమ్మీ."

వైజాగులో మా అమ్మాయికో ప్రాణస్నేహితురాలు ఉంది, దానికి ఫోను చేసి గట్టిగా నిలదీశాను. ఆ పిల్ల ఏడుస్తూ బయటపెట్టింది.

"వాళ్లు బుధవారమే బంకరు వదిలేశారు ఆంటీ. కొంత రైల్లో, కొంత నడిచి సరిహద్దుకి వెళ్తామంది. దారిలో నెట్ ఉండదని ముందే వీడియోలు తీసి, తన ఇన్‌స్టా పాస్‌వర్డుతో సహా నాకు పంపింది. అమ్మ బెంగపెట్టుకుంటుంది, రోజుకొకటి పెడుతూ ఉండు అంది. ఇప్పుడెక్కడుందో నాకూ తెలీదు."

శనివారం సంగతి ఆ స్నేహితురాలికేం తెలుసు? చేతికందింది పెట్టేసింది. నేను కూరల దగ్గర నిలబడి చూపించి మురిసిపోయిన వేళ నా బిడ్డ ఏ మంచులో, ఏ రోడ్డు మీద ఉందో. మా రాయగడ అమ్మవారు మజ్జిగౌరమ్మకు మొక్కుకున్నాను. ఆ తల్లి మీదా కోపమొచ్చింది, నా మీదా కోపమొచ్చింది. అత్తగారు ఆ తరువాత ఒక్క వీడియో కూడా తెరవలేదు. ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

మర్నాడు మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"అమ్మా, దాటేశాం!" అదే వీడియో గొంతు, అదే హుషారు. "అందరం బానే ఉన్నాం. ఇక్కడ సూప్ భలేగా ఇస్తున్నారు. ఉండు, చార్జింగ్ పెట్టుకుని వీడియో తీసి పెడతా."

అత్తగారు నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు. "ఈడియో వద్దే, అమ్మీ. నీ కాళ్లు ఎలాగున్నాయి, సెప్పు."

అటువైపు నా కూతురు బావురుమంది. యుద్ధం మొదలయ్యాక దాని ఏడుపు వినడం అదే మొదలు. నేను ఆగలేక, "ఏడవకే తల్లీ, ఏడవకు," అని ఫోను మీదికి వంగాను.

అత్తగారు నన్ను మోచేత్తో పక్కకి నెట్టారు.

"ఏడవనియ్యి దాన్ని. ఇది ఇప్పటిదే గదా," అన్నారు, కళ్లొత్తుకుంటూ. "ఏడు అమ్మీ, ఏడు. ఇంటన్నాం."